కవచమునకు వెల యెంత?

పఠనభాగములు: 1 సమూయేలు 17:1–50, ఎఫెసీ 6:10–20

ప్రియులారా, పశువుల సంతలో ఎద్దు కొమ్ములకు రంగు పూసి, మెడకు గంటలు కట్టి నిలువబెట్టుట మనమందరము చూచినదే. ఆ సింగారమునుబట్టి సంతలో వెల పలుకును. అయితే ఆ యెద్దు విలువ తెలియునది సంతలో కాదు, దుక్కిలో. ధర ఒకటి, విలువ మరియొకటి. ఈ నెల పాఠములో ఈ భేదమును కవచము విషయమై విచారింతము. కథలలోను ఆటలలోను మాత్రమే ఉన్న రెండు కవచములను ముందుగా చూచి, పిమ్మట వాక్యమునకు వత్తము.

1. అంగడికి పోని కవచము

ఇంగ్లండు దేశపు రచయిత టోల్కీన్ 1954–55లో మూడు సంపుటములుగా ప్రకటించిన "ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్" అను కల్పిత కథలో మిత్రిల్ అను లోహపు కవచము ఒకటి గలదు. అది వెండివలె మెరయును, ఉక్కుకంటె గట్టిది, అయినను మిక్కిలి తేలిక. మరుగుజ్జుల నాయకుడు దానిని బిల్బో అనువానికి బహుమానముగా ఇచ్చెను. కొంతకాలము అది ఊరి వస్తుశాలలో ఉంచబడెను. బిల్బో ముసలివాడైన తరువాత, ప్రాణాపాయమైన ప్రయాణమునకు పోవుచున్న ఫ్రోడో అను తన బంధువునకు దానిని ఇచ్చివేసెను. ఫ్రోడో ఎవరికిని కనబడకుండ దానిని పైబట్టల క్రింద తొడుగుకొనెను. ఆ కవచపు వెల తాను పుట్టి పెరిగిన సీమకంటెను, అందులోని సమస్తముకంటెను ఎక్కువని త్రోవలో అతనికి తెలిసెను. అటుతరువాత శత్రువు ఈటెతో పొడువగా ఆ కవచమే అతని ప్రాణమును కాచెను.

ఇక్కడ ఒక సంగతి గమనింతము. అంత వెలగల వస్తువు ఈ చేతులు మారినది అమ్మకమువలన కాదు. ఒకడు ప్రేమతో ఇచ్చెను, మరియొకడు ధరించెను. వస్తుశాలలో ఉన్నంతకాలము అది ఎవనిని కాయలేదు; ఒంటిమీద ఉన్న దినమున కాచెను.

2. వేలమునకు వచ్చిన కవచము

అమెరికాలోని బ్లిజార్డ్ అను సంస్థ 2012 మే నెలలో "డయాబ్లో 3" అను కంప్యూటరు ఆటను వెలువరించెను. అందులో రాక్షసులను జయించినవానికి కత్తులు, శిరస్త్రాణములు, కవచములు దొరకును. ఆ సంవత్సరము జూన్‌లో ఆ వస్తువులను నిజమైన డబ్బుకు అమ్ముకొనుటకు ఆ సంస్థయే ఒక వేలముశాలను తెరచెను. ఒక్కొక్క వస్తువునకు 250 డాలర్ల వరకు ధర పెట్టవచ్చును. అనగా ఆనాటి లెక్కలో 13,000 రూపాయలకు పైగా. కవచము వంటి ప్రతి వస్తువు అమ్మకముపైన సంస్థకు ఒక డాలరు ముట్టును. అయితే కొన్నవాని చేతికి వచ్చినదేమి? తాకుటకు ఇనుము లేదు, తూచుటకు బరువు లేదు. అది సంస్థవారి యంత్రములలో నిలిచిన ఒక లెక్క మాత్రమే.

తుదకు 2014 మార్చి 18న ఆ వేలముశాలను సంస్థవారే మూసివేసిరి. పోరాడి సంపాదించుటలో ఉన్న ఆటసారమును ఆ అంగడి చెరుపుచున్నదని వారే ఒప్పుకొనిరి. పోరాడక కొనగలిగినప్పుడు పోరాటమెందుకు? కవచమునకు వెల పెరిగెను గాని, దానిని ధరించుటలోని అర్థము తరిగిపోయెను.

3. దావీదు విడిచిన కవచము

గొల్యాతు కవచము అయిదువేల తులముల రాగి యెత్తుగలది. మన తులముతో లెక్కించినయెడల 58 కిలోలు. సంతలో దానికి ఎంత వెల పలికియుండునో! అయినను చిన్నరాయి తగులు స్థలము వాని నుదుట మిగిలియుండెను. సౌలు తన యుద్ధవస్త్రములను దావీదునకు తొడిగించెను. అవి రాజుగారివి, చెడ్డవి కావు. కాని దావీదు వాటితో నడచి యెరుగడు గనుక వాటిని తీసివేసెను. మందను కాయుచున్న దినములలో సింహము నోటనుండియు ఎలుగుబంటి నోటనుండియు తప్పించిన దేవునియందలి నమ్మికయే అతనికి అలవాటైన కవచము.

పౌలు సంకెళ్లలో ఉండి ఎఫెసు సంఘమునకు వ్రాసిన కవచమును చూడుడి. సత్యము, నీతి, సమాధాన సువార్త, విశ్వాసము, రక్షణ: వీటిలో ఏ ఒక్కదానికిని ఆయన వెల చెప్పలేదు. ధరించుకొనుడని మాత్రము చెప్పెను. దేవుడు ఇచ్చును, మనము ధరింపవలెను.

4. మన యిండ్లకు

ఇప్పుడు మన పల్లెలలోను పిల్లల చేతికి ఫోను వచ్చినది. ఆ ఆటలలోను వేషములు, ఆయుధములు, కవచములు అమ్మకమునకున్నవి. ఆడుట పాపమని మేము చెప్పుట లేదు. అయితే తండ్రి కూలిడబ్బును ఆయనకు తెలియకుండ ఫోనులో చెల్లించి, అడిగినప్పుడు అబద్ధమాడిన పిల్లవాడు ఆ బొమ్మకవచమునకు ఇచ్చిన వెల యెంత? రూపాయలు మాత్రమే కాదు. సత్యమను దట్టిని విప్పి ఇచ్చినవాడాయెను. అట్టివానిని కొట్టి తరుమకుడి. దగ్గర కూర్చుండబెట్టుకొని, జరిగినది చెప్పుటకు ధైర్యమియ్యుడి. నిజము చెప్పిన ఆ గడియలోనే దట్టి మరల వాని నడుమునకు వచ్చును.

పెద్దలమైన మనమును పరీక్షించుకొందము. పెండ్లిలో పదిమంది మెచ్చుటకు అప్పుచేసి తెచ్చిన ఆడంబరము కూడ అట్టి కవచమే. అప్పులవాడు గుమ్మమునొద్ద నిలిచిన దినమున అది మనలను కాయదు.

కుటుంబ ప్రార్థనలో మాటలాడుకొనుటకు:
1. దావీదు సౌలు కవచమును ఏల విడిచెను?
2. మన యింట వెల ఎక్కువై విలువ తక్కువైన వస్తువేది?
3. ఈ నెలలో మన బిడ్డలకు మనము తొడుగగల కవచభాగమేది?