పేదరికం పిల్లల కర్మ కాదు



"పోయిన జన్మలో ఏం పాపం చేశాడో, లేనింట్లో పుట్టాడు" అనే మాట మన వాడల్లో ఇంకా వినబడుతూనే ఉంది. 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో బాబాసాహెబ్ చూపిన దారిలో ఈ మాటకు చోటు లేదు. మరి పేదరికం ఎక్కడి నుంచి వస్తుంది?

దీఘ నికాయంలోని చక్కవత్తి సీహనాద సుత్తం చూడండి. ఒక రాజు దేశానికి కాపలా బాగానే పెట్టాడు గానీ, లేనివాళ్లకు ధనం ఇవ్వలేదు. దాంతో పేదరికం పెరిగింది, దాని వెంట దొంగతనం వచ్చింది. దొంగ తల తీయించినా ఆగలేదు. మిగతా దొంగలు కత్తులు పట్టారు. తప్పు ఎక్కడుంది? పేదవాడి పూర్వజన్మలో కాదు, పాలకుడు చేయని పనిలో ఉంది. కూటదంత సుత్తంలో దీనికి మందు కూడా ఉంది: రైతుకు విత్తనం, వ్యాపారికి పెట్టుబడి, కొలువు చేసేవాడికి జీతం.

ఇక మన నేల సంగతి. కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగ్ పని ఉంటుంది. ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు చేత్తో అంటించాలి. ఏళ్ల తరబడి ఈ పనికి ఎక్కువగా ఆడపిల్లల్నే పెట్టారు, ఎందుకంటే వాళ్లకిచ్చే కూలి తక్కువ. తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ముడుతుంది. అది తీరేదాకా పిల్ల చేలోనే. అవే నెలల్లో ఉన్నవాళ్ల పిల్ల బడికీ, ట్యూషన్‌కీ పోతుంది. ఉన్నోళ్లకూ లేనోళ్లకూ మధ్య అగాధం అక్కడే లోతవుతుంది.

పంచశీలలో రెండో శీలం ఏమిటి? ఇవ్వనిది తీసుకోకూడదు. ఆ పిల్ల తన బడి రోజుల్ని ఎవరికీ ఇవ్వలేదు. ఆమెను ఎవరూ అడగను కూడా లేదు. అయినా తీసుకున్నారు. ఇదీ అదిన్నాదానమే.

ఓటులో సమానత్వం, బతుకులో అసమానత్వం ఎక్కువ కాలం కలిసి సాగవని 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ హెచ్చరించారు. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత చదువు హక్కుగా ఇచ్చింది. ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతి సీట్లలో కనీసం 25 శాతం పేద, బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలంది. హక్కు కాగితం మీద ఉంది, అడిగేవాళ్లం మనం కావాలి.

కాబట్టి ఈ పౌర్ణమికి విహారంలో వందనం అయ్యాక ఒక పని చేయండి. మీ వాడలో బడి మానేసిన పిల్లలెందరో పేరు పేరునా రాయండి. ఏ ఇంటి మీద అడ్వాన్సు ఉందో అడగండి. దానం డబ్బులో మొదటి వాటా ఆ పిల్లను బడికి తెచ్చేందుకు పెట్టండి. బుద్ధుని ముందు పూలు కాస్త తగ్గినా ఫర్వాలేదు.

నమో బుద్ధాయ!