గడువుకు ముందే కబురు: వెబ్ ఫీడ్

అర్హత ఉండి కూడా సమయానికి ప్రకటన చూడక స్కాలర్‌షిప్ పోగొట్టుకునే విద్యార్థులను ఏటా చూస్తున్నాను. పది వెబ్‌సైట్లను రోజూ తెరిచి చూడడం ఎవరికైనా కష్టమే. దీనికి నేను చెప్పే ఉపాయం ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్. 1999లో మొదలైన ఈ పద్ధతిలో, సైటులో కొత్తగా చేరిన అంశాల శీర్షికలు, లింకులు ఒక జాబితాగా వస్తాయి. థండర్‌బర్డ్, ఫీడ్లీ వంటి ఫీడ్ రీడర్‌లో ఆ జాబితా చిరునామాను ఒక్కసారి చేర్చండి. ఆపై ఎన్ని సైట్ల కొత్త సంగతులైనా ఒకేచోట కనిపిస్తాయి.

సైటులో ఆర్‌ఎస్‌ఎస్ అనే మాట గానీ, నారింజరంగు గుర్తు గానీ ఉందేమో వెతకండి. కేంద్రప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయం సైటులో ఫీడ్ ఉంది. దానితో సాధన చేయవచ్చు. ఫీడ్ లేని సైట్లను మాత్రం వారానికోసారి స్వయంగా చూడాలి. తల్లిదండ్రులు ఆ రోజును పిల్లలకు గుర్తుచేయాలి. శీర్షిక చూసి ఊరుకోక, లింకు తెరిచి ఆఖరు తేదీని నోటుపుస్తకంలో రాసుకోండి.