తనకు తానే ఇచ్చుకునే సెలవు

పాఠ్యభాగ ఉద్దేశం: సంపన్నుల వినోదంగా మొదలైన సముద్రతీర విహారం ఇంగ్లండులో సామాన్యులకు అందివచ్చిన క్రమాన్ని తెలపడం, ఒంటరి ప్రయాణంలోని ఆనందాన్నీ బాధ్యతనూ వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

తెలుగులో ‘సెలవు’ అనే మాటకు అనుమతి అని అర్థం ఉంది. ‘తమ సెలవైతే వెళ్లివస్తాను’ అన్నప్పుడు ఆ అర్థమే వినిపిస్తుంది. పని లేని దినాన్ని కూడా సెలవు అనే పిలుస్తారు. పని మానాలంటే ఎవరో ఒకరి అనుమతి కావాలనే లోకానుభవం ఆ పిలుపులో ఇమిడి ఉంది. ఇంగ్లీషులోని ‘హాలిడే’ అనే మాట పవిత్ర దినం అనే అర్థం నుండి పుట్టింది. అంటే ఒకప్పుడు అక్కడి ప్రజలకు విశ్రాంతిని ప్రసాదించినవి మతపరమైన పండుగలు. మాటలు వేరైనా సారాంశం ఒక్కటే. సామాన్యుని విశ్రాంతి చిరకాలం అతని చేతిలో లేదు.

నేడు ఇంగ్లండులో ఒక ఉద్యోగి శుక్రవారం రాత్రి వాతావరణ సూచన చూసి, మర్నాటి ఉదయం చిన్న సంచి భుజాన వేసుకొని, ఎవరినీ వెంటబెట్టుకోకుండా రైలెక్కి సముద్రతీరానికి చేరుకోవడం వింత కాదు. ముందుగా వేసుకున్న పథకం ఉండదు. మనసు పుట్టింది, ప్రయాణం సాగింది. ఆ దేశం కూడా ఇందుకు అనుకూలమైనదే. అక్కడ సముద్రానికి అత్యంత దూరంగా ఉన్న ఊరుగా డర్బీషైర్‌లోని కోటన్ ఇన్ ది ఎల్మ్స్‌ను చెబుతారు. అక్కడి నుండి కూడా తీరం సుమారు 113 కిలోమీటర్లే. అయితే దూరం తక్కువైనంత మాత్రాన సముద్రం అందరికీ దగ్గర కాలేదు. అందుకు దాదాపు రెండు శతాబ్దాలు పట్టింది.

పూర్వం ఆంగ్లేయులకు సముద్రం విహార స్థలం కాదు. జాలరులకు జీవనాధారం, నావికులకు దారి, తీరవాసులకు తుఫానుల భయం. 18వ శతాబ్దంలో ఈ దృష్టి మారింది. 1750లో రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు సముద్రజలం కొన్ని వ్యాధులను నయం చేస్తుందని వాదిస్తూ లాటిన్ భాషలో గ్రంథం ప్రకటించారు. ఆయన రోగుల చేత ఉప్పునీటిలో స్నానం చేయించడమే కాక ఆ నీటిని తాగించేవారు కూడా. ఆయన వైద్యం వల్ల బ్రైటన్ అనే జాలరిపల్లెకు సంపన్నుల రాక మొదలైంది. స్నానానికి వచ్చినవారు చక్రాలున్న చెక్క గదిలో దుస్తులు మార్చుకునేవారు. గుర్రం ఆ గదిని నీటిలోకి లాగేది. అక్కడి నుండి మెట్లు దిగి, పరుల కంట పడకుండా సముద్రంలో మునిగేవారు. 1783లో యువరాజు తొలిసారి బ్రైటన్‌కు రావడంతో ఆ ఊరి ప్రతిష్ఠ పెరిగింది. తరువాత నాల్గవ జార్జి రాజైన ఆయన కోసం నిర్మించిన రాయల్ పెవిలియన్ భవనానికి, 1815 నుండి 1822 వరకు సాగిన పునర్నిర్మాణంలో, జాన్ నాష్ అనే శిల్పి భారతీయ రీతి గుమ్మటాలను అమర్చారు.

ఈ వైభవంలో శ్రామికులకు చోటు లేదు. పైగా పరిశ్రమలు పెరిగిన కొద్దీ వారికి విశ్రాంతి తగ్గింది. సుమారు 33 పండుగ దినాలను పాటిస్తూ వచ్చిన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 1834లో వాటిని నాలుగుకు కుదించింది. బ్యాంకు గుమాస్తాల స్థితే అలా ఉంటే మిల్లు కార్మికుల సంగతి చెప్పనక్కరలేదు.

ఈ పరిస్థితిని మార్చినవి రెండు: రైలు, చట్టం. 1841లో లండన్-బ్రైటన్ రైలుమార్గం పూర్తయింది. గుర్రపు బండిపై అయిదారు గంటలు పట్టే ప్రయాణం ఎంతో తగ్గింది. 1844 నాటి రైల్వే చట్టం పేద ప్రయాణికుల కోసం రోజుకు కనీసం ఒక రైలునైనా మైలుకు ఒక పెన్నీకి మించని ఛార్జీతో నడపాలనీ, ఆ పెట్టెలకు పైకప్పు ఉండాలనీ ఆదేశించింది. 1871లో సర్ జాన్ లబక్ కృషి ఫలితంగా బ్యాంకు సెలవుల చట్టం వచ్చింది. దాని ప్రకారం ఇంగ్లండుకు లభించిన నాలుగు సెలవులలో ఆగస్టు నెల మొదటి సోమవారం ఒకటి. అది ఏ మతపండుగా కాదు, నడివేసవిలో వచ్చే విశ్రాంతి దినం. ఆ రోజున సముద్రతీరాలు జనసముద్రాలయ్యేవి.

లాంకషైర్ నూలు మిల్లుల పట్టణాలలో మరొక ఆచారం ఉండేది. ఏటా ఒక వారం ఊరిలోని మిల్లులన్నీ ఒకేసారి మూతపడేవి. కార్మికులు కుటుంబాలతో, ఇరుగుపొరుగుతో కలిసి బ్లాక్‌పూల్ తీరానికి తరలివెళ్లేవారు. చాలాకాలం ఆ వారానికి వేతనం లేదు. ఏడాది పొడవునా దాచుకున్న పెన్నీలే వారి ఖర్చుకు ఆధారం. వేతనంతో కూడిన సెలవును ప్రోత్సహించే చట్టం 1938లో గాని రాలేదు. నేడు బ్రిటన్‌లో వారానికి ఐదు రోజులు పనిచేసే కార్మికునికి ఏటా 28 రోజుల వేతన సెలవు చట్టబద్ధమైన హక్కు. ఊరంతటికీ ఒకేసారి లభించిన సెలవు గుంపు ప్రయాణాన్ని నేర్పింది. ఎవరి సెలవు వారు ఎంచుకోగల హక్కు ఒంటరి ప్రయాణానికి వీలు కల్పించింది.

అలా బయలుదేరిన ఒంటరి ప్రయాణికునికి బ్రైటన్ నేటికీ అనువైన గమ్యం. లండన్ విక్టోరియా స్టేషన్ నుండి రైలులో సుమారు గంట ప్రయాణం. స్టేషన్ నుండి దక్షిణంగా, పల్లంగా సాగే వీధి వెంట నడిస్తే సముద్రం ఎదురవుతుంది. తీరంలో ఉన్నది ఇసుక కాదు, గులకరాళ్లు. అల వెనుకకు మళ్లినప్పుడు ఆ రాళ్లు ఒకదానిపై ఒకటి దొర్లుతూ చేసే గలగల చాలాసేపు చెవిలో నిలుస్తుంది. స్తంభాలపై సముద్రంలోకి చొచ్చుకుపోయే కట్టడాన్ని అక్కడ పియర్ అంటారు. 1899లో ప్రారంభమైన ప్యాలెస్ పియర్ నేటికీ సందర్శకులతో కళకళలాడుతుంది. 1866 నాటి వెస్ట్ పియర్ 1975లో మూతపడి, 2003లో అగ్నికి ఆహుతై, నీటి నడుమ ఇనుప అస్థిపంజరంగా మిగిలింది. ఆ రెండింటినీ ఒకే చూపులో చూసినవారికి తీరపట్టణాల ఉత్థానపతనాలు బోధపడతాయి.

భారతీయులకు ఈ ఊరితో మరొక అనుబంధం ఉంది. పాట్నాలో జన్మించిన షేక్ దీన్ మహమ్మద్ 19వ శతాబ్దం తొలి దశకాలలో ఇక్కడ ఆవిరి స్నానశాల నెలకొల్పి, మర్దన చికిత్సతో పేరు పొందారు. ఇద్దరు రాజులకు ఆయన మర్దన వైద్యుడు. ‘షాంపూ’ అనే మాటకు మూలం మర్దన చేయడాన్ని తెలిపే హిందీ మాటే. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన భారతీయ సైనికులకు 1914 చివరి నుండి 1916 ఆరంభం వరకు రాయల్ పెవిలియన్ ఆసుపత్రి అయింది. బ్రైటన్‌లో మరణించిన హిందూ, సిక్కు సైనికులలో 53 మందిని ఊరి వెలుపలి కొండపై దహనం చేశారు. ఆ స్థలంలో 1921లో ‘ఛత్రి’ అనే పాలరాతి స్మారకం వెలసింది. వారు కూడా ఒంటరిగా, ఇంటివారికి దూరంగా అదే సముద్రగాలిని పీల్చారు. కాని వారు కోరి వచ్చినవారు కారు. ఆసుపత్రి ప్రాంగణం దాటడానికి కూడా అధికారుల అనుమతి కావలసి వచ్చేది. సెలవు ఎంత విలువైనదో ఆ ఛత్రి చెప్పకయే చెబుతుంది.

ఒంటరిగా వెళ్లేవారిని చూసి జాలిపడే స్వభావం అన్ని సమాజాలలోనూ ఉంది. అయితే ఒంటరితనం వేరు, ఏకాంతం వేరు. తోడు కావాలనుకున్నప్పుడు దొరకకపోవడం ఒంటరితనం. తనతో తాను ఉండాలని కోరుకొని ఉండడం ఏకాంతం. అమెరికాలో పుట్టి లండన్‌లో స్థిరపడిన కవి టి.ఎస్. ఎలియట్ బ్యాంకు ఉద్యోగి. తీవ్రమైన మానసిక అలసటకు లోనై, బ్యాంకు ఇచ్చిన మూడు నెలల సెలవులో, 1921 శరత్కాలంలో మార్గేట్ అనే తీరపట్టణానికి వెళ్లారు. తొలిరోజులలో ఆయన భార్య కూడా అక్కడే ఉన్నారు. తీరానికి ఎదురుగా ఉన్న ఒక విశ్రాంతి మంటపంలో కూర్చొని, మరుసటి ఏడు వెలువడిన ‘ది వేస్ట్ ల్యాండ్’ కావ్యంలో కొంత భాగాన్ని ఆయన రచించారు. 2009లో ఆ మంటపాన్ని పరిరక్షించవలసిన కట్టడాల జాబితాలో చేర్చారు. సముద్రం ఆయనకు వైద్యం చేసిందని చెప్పలేము. కాని కలత చెందిన మనసుకు కొంత చోటు, కొంత వ్యవధి ఇచ్చిందని మాత్రం చెప్పవచ్చు.

ఈ విహారానికి మరొక పార్శ్వం కూడా ఉంది. 1960, 70 దశకాలలో విమానయానం చౌకై, ఆంగ్లేయులు ఎండ కోసం స్పెయిన్ తీరాలకు మళ్లారు. స్వదేశంలోని తీరపట్టణాలు వెలవెలబోయాయి. వేసవిలో తప్ప పని దొరకని యువకులు ఊళ్లు విడిచారు. ఎసెక్స్ తీరంలోని జేవిక్‌లో ఒక ప్రాంతం 2010, 2015, 2019 సంవత్సరాల ప్రభుత్వ సూచికలలో ఇంగ్లండు మొత్తం మీద అత్యంత వెనుకబడినదిగా నమోదైంది. ఒకప్పుడు అది లండన్ శ్రామికుల వేసవి విడిది కోసం వెలసిన ఊరు. ఇతరుల విశ్రాంతి కోసం పుట్టిన ఊళ్లలోనే బతుకు భారమైన కుటుంబాలు ఉండడం విచారకరం. వానాకాలపు ఒక సాధారణ దినాన వచ్చిన ఒక్క అతిథి తాగిన తేనీరు, అద్దెకు తీసుకున్న గది కూడా అటువంటి ఊళ్లకు ఆసరాయే. అయితే ఒంటరి అతిథి పలుచోట్ల ఇద్దరికి సరిపడే గది అద్దెను తానొక్కడే భరించవలసి వస్తుంది.

స్వేచ్ఛతో పాటు జాగ్రత్త కూడా అవసరం. ఇంగ్లండు సముద్రం శాంతంగా కనిపించినా వేసవిలో సైతం చల్లగానే ఉంటుంది. 15 డిగ్రీల సెల్సియస్‌కు లోబడిన నీటిలో హఠాత్తుగా దిగితే శరీరం అదిరి ఊపిరి అదుపు తప్పుతుంది. అప్పుడు కంగారుపడి ఈదక, వెల్లకిలా తేలుతూ శ్వాస కుదుటపడే వరకు ఆగాలని రక్షకులు బోధిస్తారు. సుమారు 12 గంటల 25 నిమిషాలకు ఒకసారి పోటు వస్తుంది. బ్రిస్టల్ ఛానల్ ప్రాంతంలో ఆటుకు, పోటుకు మధ్య నీటిమట్టం తేడా కొన్ని రోజులలో 14 మీటర్లకు చేరుతుంది. ఆటువేళ నడిచిన దారి పోటువేళ మునిగిపోతుంది. అందువల్ల బయలుదేరే ముందు ఆటుపోట్ల వేళలు తెలుసుకోవాలి. ఎరుపు, పసుపు రంగుల జెండాల నడుమనే ఈదాలి. 1824లో స్థాపితమైన రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ సంస్థ నేటికీ ప్రధానంగా స్వచ్ఛంద సేవకులతో నావలు నడుపుతూ ప్రాణాలు కాపాడుతోంది. ఒంటరి ప్రయాణికుడు ఎవరి అనుమతీ కోరనక్కరలేదు గాని, ఎక్కడికి వెళ్తున్నాడో, ఎప్పుడు తిరిగి వస్తాడో ఒక్కరికైనా తెలిపి వెళ్లాలి.

తెలుగులో సెలవుకు మరొక అర్థం కూడా ఉంది. వీడ్కోలు చెప్పేటప్పుడు కూడా ‘సెలవు’ అనే అంటారు. రెండు రోజుల పాటు పనికీ ఇంటికీ సెలవు చెప్పి, సముద్రం ఎదుట మౌనంగా కూర్చొని, సోమవారం మళ్లీ తన పనిలో కుదురుకోవడం సోమరితనం కాదు. ఒకనాడు రాజకుమారునికి మాత్రమే సాధ్యమైన ఆ స్వేచ్ఛ నేడు ఒక గుమాస్తాకు, ఒక నర్సుకు, ఒక బస్సు డ్రైవరుకు సాధ్యమవుతోంది. అది ఎందరో పోరాడి తెచ్చిన సంపద. దానిని అనుభవించడమూ, ఇంకా అందనివారికి అందేలా చూడడమూ నాగరిక సమాజం లక్షణం.

అభ్యాసం

1. సముద్రతీర విహారం ఇంగ్లండులో సామాన్యులకు అందుబాటులోకి వచ్చిన క్రమాన్ని వివరించండి.
2. ఒంటరితనానికి, ఏకాంతానికి గల భేదాన్ని సోదాహరణంగా తెలపండి.
3. బ్రైటన్‌తో భారతీయులకు గల సంబంధాన్ని సంగ్రహంగా రాయండి.
4. ‘సెలవు’ అనే పదానికి గల అర్థాలు ఏవి? ఒక్కొక్క అర్థంలో సొంత వాక్యం రాయండి.
5. విడదీసి సంధి పేరు తెలపండి: సెలవైతే, రైలెక్కి.