వానాకాలంలో ఇంటి జాగ్రత్తలు, కుటుంబానికి బీమా

తొలకరి పడగానే నర్సీపట్నం చుట్టుపక్కల పల్లెల్లో పొలం పనులు మొదలవుతాయి. పాముకాట్లు, పిడుగులు, కరెంటు ప్రమాదాల భయం కూడా అప్పుడే ఎక్కువ. అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫానులు వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు ఇళ్ళు, తోటలు, దుకాణాలు ఒక్కరోజులో దెబ్బతిన్నాయి. జాగ్రత్తతో చాలా ప్రమాదాలు తప్పుతాయి. తప్పనివాటికి ముందే బీమా ఉండాలి.

ఇంట్లో జాగ్రత్తలు

1. కట్టెలు, గడ్డి, ఇటుకల గుట్టలు ఇంటి గోడకు దూరంగా ఉంచండి. ఎలుకలు చేరిన చోటికి పాములు వస్తాయి.

2. నేలమీద పడుకోవద్దు. మంచంమీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకోండి. కట్లపాము రాత్రిపూట నిద్రలో కరుస్తుంది. నొప్పి, వాపు, కాటు గుర్తు ఏవీ ఉండకపోవచ్చు. తెల్లవారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట తడబడడం ఉంటే వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.

3. పాము కరిస్తే కోయవద్దు, నోటితో పీల్చవద్దు, తాడు బిగించవద్దు. పసరు మందులతో, మంత్రాలతో కాలయాపన చేయవద్దు. కరిచిన కాలు లేదా చెయ్యి కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. విరుగుడు ఇంజెక్షన్ ఆస్పత్రిలోనే ఇస్తారు.

4. తెగిపడిన కరెంటు తీగ దగ్గరకు వెళ్ళవద్దు. తడి చేతులతో మోటారు స్విచ్చి ముట్టవద్దు. ఉరుముతున్నప్పుడు చెట్టుకింద నిలబడవద్దు.

ఏ బీమా, ఎంత?

ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన 2015లో మొదలైంది. బ్యాంకు లేదా పోస్టాఫీసు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్ళ వారు చేరవచ్చు. ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 2 లక్షలు, ఒక కన్ను లేదా ఒక చెయ్యి, ఒక కాలు పూర్తిగా పోతే లక్ష రూపాయలు వస్తాయి. ఆస్పత్రి ఖర్చులు మాత్రం ఇందులో రావు.

జీవన జ్యోతి బీమాలో 18 నుంచి 50 ఏళ్ళలోపు చేరవచ్చు. ఏడాదికి 436 రూపాయలు. జబ్బుతో చనిపోయినా 2 లక్షలు ఇస్తారు.

ఇంటికి భారత్ గృహ రక్ష, చిన్న దుకాణాలకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీలు 2021 నుంచి ఉన్నాయి. అగ్నిప్రమాదం, తుఫాను, వరద నష్టాలకు ఇవి వర్తిస్తాయి. తాటాకు ఇల్లు, రేకుల షెడ్డు అయితే కట్టే ముందే అడిగి తెలుసుకోండి.

కాగితం లేకపోతే డబ్బు రాదు

పాముకాటు, చెట్టుమీంచి పడడం వంటి వాటికి వెంటనే ఆస్పత్రిలో రాసిన రికార్డు కావాలి. నాటువైద్యుడి దగ్గర ఆగిపోతే ప్రాణానికీ ముప్పే, బీమాకూ ఆధారం ఉండదు. రోడ్డు ప్రమాదం, నీటమునగడం అయితే పోలీసులకు తెలియజేయాలి. ఓపీ చీటీ, డిశ్చార్జి కాగితం పారేయవద్దు. క్లెయిము ఫారం ఆలస్యం చేయకుండా బ్యాంకులో ఇవ్వండి.

ఈ వారమే చేయండి

* పాస్‌బుక్కులో 20 రూపాయలు కోసినట్లు ఉందో లేదో చూడండి. మే నెలాఖరులో ఖాతాలో డబ్బు లేకపోతే బీమా ఆగిపోతుంది.
* నామినీ పేరు సరిచూసుకోండి.
* ఏ బ్యాంకులో ఏ బీమా ఉందో ఇంట్లో ఇద్దరికైనా చెప్పండి. ఇంటివారికి తెలియని బీమా ఉన్నా లేనట్లే.
* కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచిలో పెట్టి, వాన తగలని చోట ఎత్తుగా దాచండి.