ఒక్కో బిడ్డకు ఒక్కో పాఠం

ప్రత్యేక విద్య అనగానే మనలో చాలామందికి వేరే బడి, వేరే గది గుర్తుకొస్తాయి. నేను గ్రహించినంతలో దాని ప్రాణమంతా ఒక్కో బిడ్డకు ఒక్కో ప్రణాళిక వేయడంలో ఉంది. అమెరికాలో 1975 నాటి చట్టం అటువంటి ప్రణాళికను తప్పనిసరి చేసింది. 1986 సవరణ ఆ హక్కును మూడేళ్ల పసివాళ్లకూ విస్తరించింది.

ఇంతకీ ఆ ప్రణాళికలో ఏముంటుంది? బిడ్డకు ఇప్పుడేం వచ్చు, ఇక ఏం నేర్పాలి, ఎవరు నేర్పాలి, ఎన్నాళ్లకు సరిచూడాలి - ఇంతే. "బట్టలు తొడుక్కోవాలి" అని రాసి ఊరుకుంటే చాలదు. నిక్కరు తొడుక్కోవడాన్నే తీసుకుందాం. కాళ్లు దూర్చడం, మోకాళ్లదాకా లాగడం మనం చేసి, నడుముదాకా లాగడం బిడ్డకు వదలాలి. పని ముగించిన సంతోషం వాడిదవుతుంది. అది పట్టుబడ్డాక, దాని ముందు మెట్టు కూడా వాడికే వదలాలి. పక్కనున్న పాపకు మాట రాదనుకోండి. బొమ్మ చూపి మంచినీళ్లు అడగడమే ఆమె పాఠం. ఇద్దరికీ ఒకే పాఠం చెబితే సమానంగా చూసినట్టు కాదు.

మన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉచిత విద్యను హక్కుగా ఇచ్చింది ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వారికి. పిల్లలు అంగన్‌వాడీకి మూడేళ్లకే వస్తారు. నడుమనున్న మూడేళ్లే మాట, నడక, అలవాట్లు కుదురుకునే కాలం. అక్కడి టీచరుకు ఈ పద్ధతి తెలియాలి.

ఉపాధ్యాయవృత్తిలోకి వెళ్లబోయే మిత్రులకు నా మనవి: పాఠ్యప్రణాళిక పుస్తకంలో అటువంటి ఒక్క బిడ్డ కోసం ఒక పుట వదలండి. అందులో బిడ్డకు వచ్చినదాన్ని ముందు రాయండి.