కాన్పు గదిలో మీకో తోడు: ఎవరు రావచ్చు, ఏం చేయాలి, ఏం చేయకూడదు

గర్భిణులకు, వారి ఇంటివారికి తెలియాల్సిన విషయాలు

నొప్పులు మొదలయ్యాయి. ఆటోలోనో, 108లోనో ఆసుపత్రికి చేరారు. లేబర్ రూం తలుపు దగ్గరే అమ్మ ఆగిపోయింది. లోపల మీరు ఒక్కరే. నర్సు నలుగురిని చూసుకోవాలి. ఎవరిని పిలవాలో, నొప్పి ఇంత ఉండటం మామూలేనా కాదా అన్నది ఎవరిని అడగాలో తెలియదు. మొదటి కాన్పు అయితే ఆ భయం ఇంకా ఎక్కువ.

ఈ భయం తగ్గించడానికే ప్రభుత్వ ఆసుపత్రుల్లో 'బర్త్ కంపానియన్' పద్ధతి వచ్చింది. అంటే కాన్పు అయ్యేదాకా మీ పక్కనే ఉండే తోడు. దీనికి మీరు ఒక్క రూపాయి కూడా కట్టనక్కర్లేదు.

ఇది ఎప్పుడు వచ్చింది?

ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో ఒక తోడును అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో రాష్ట్రాలకు సూచించింది. 2017 డిసెంబరులో మొదలైన 'లక్ష్య' కార్యక్రమం లేబర్ రూముల నాణ్యత పెంచడానికి పెట్టినది. అందులోనూ తోడు ఉండాలనే చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సూచనల్లో కూడా ప్రతి తల్లికీ తనకు నచ్చిన మనిషి తోడు ఉండాలని ఉంది.

డౌలా అంటే ఎవరు? మంత్రసానీ, డౌలా ఒకటేనా?

కాదు. డౌలా అన్నది గ్రీకు మాట. కాన్పు చేయకుండా, కాన్పు అయ్యే తల్లి పక్కన ఉండి ధైర్యం చెప్పే, సేద తీర్చే మహిళను డౌలా అంటారు. పట్టణాల్లో కొందరు శిక్షణ పొంది, ఫీజు తీసుకుని ఈ పని చేస్తున్నారు. మంత్రసాని ఇంటి దగ్గర కాన్పు చేసేది. డౌలా అలా చేయదు. కాన్పు చేసేది డాక్టరు, నర్సు, మిడ్‌వైఫ్ మాత్రమే.

మనకు డబ్బు పెట్టి డౌలాను పెట్టుకోవాల్సిన అవసరం లేదు. అమ్మ, అత్త, అక్క, వదిన, పిన్ని ఎవరైనా ఆ తోడు ఇవ్వగలరు. కాకపోతే ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి.

తోడు వల్ల నిజంగా ఉపయోగం ఉందా?

ఉంది. 17 దేశాల్లో 15,000 మందికి పైగా తల్లులపై జరిగిన 26 పరిశోధనలను కలిపి 2017లో పరిశీలించారు. పక్కన ఎవరో ఒకరు విడవకుండా ఉన్న తల్లులకు మామూలు కాన్పులు ఎక్కువగా అయ్యాయి, సిజేరియన్లు తగ్గాయి, నొప్పుల సమయం కొంత తగ్గింది. కాన్పు గురించి చేదు జ్ఞాపకాలు మిగిలినవారూ తక్కువే.

ఎవరు తోడుగా రావచ్చు?

• మీ బంధువుల్లో ఒక మహిళ. ఆమెకు ఇంతకుముందు కాన్పు అనుభవం ఉండాలి.
• ఆమెకు అంటువ్యాధులు ఉండకూడదు. దగ్గు, జ్వరం ఉంటే ఇంకొకరిని ఎంచుకోండి.
• శుభ్రమైన బట్టలు వేసుకోవాలి.
• మొదటి నుంచి చివరి వరకు ఉండగలగాలి. మధ్యలో వెళ్లిపోతాననే వారు వద్దు.
• పరదాలు, విడి గదులు ఉండి, మిగతా తల్లుల మరుగుకు ఇబ్బంది లేని చోట భర్తను కూడా అనుమతించవచ్చు.

ఎవరు రావాలన్నది మీరే చెప్పండి. ఇంట్లో పెద్దవారు అని కాకుండా, ఎవరి పక్కన మీకు ధైర్యంగా ఉంటుందో చూసుకోండి.

తోడుగా వచ్చే అమ్మకు, అక్కకు: మీరు చేయాల్సినవి

నొప్పులు వస్తున్నప్పుడు: మొదటి కాన్పులో నొప్పులు బాగా పట్టాక కూడా 12 గంటల వరకు పట్టవచ్చు. కంగారు పడకండి, ఆమెను కంగారు పెట్టకండి. నర్సు సరేనంటే మెల్లగా నడిపించండి. పడుకుంటే ఎడమ వైపు తిరిగి పడుకోమనండి. నడుము మీద అరచేత్తో రుద్దండి. నొప్పి వచ్చినప్పుడు నెమ్మదిగా ఊపిరి తీసుకుని వదలమని చెప్తూ, మీరూ ఆమెతో కలిసి అలాగే చేయండి. నర్సును అడిగి నీళ్లు, మజ్జిగ లాంటివి కొంచెం కొంచెంగా తాగించండి. మూత్రం ఆపుకోనివ్వకండి.

బిడ్డ వచ్చే సమయంలో: తల వైపు నిలబడి చెయ్యి పట్టుకోండి. నర్సు చెప్పినప్పుడే ముక్కమనాలి, ముందు నుంచే 'ముక్కు, ముక్కు' అని అరవకూడదు. "ఇంకొంచెమే, బాగా చేస్తున్నావ్" అన్న ఒక్క మాట చాలు.

కాన్పు అయ్యాక: బిడ్డ ఏడ్చి బాగుంటే తల్లి ఛాతీ మీద పడుకోబెడతారు. అలాగే ఉండనివ్వండి. మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టించడానికి సాయం చేయండి. తేనె, చక్కెర నీళ్లు, గాడిద పాలు ఏవీ వద్దు.

చేయకూడనివి

• పొట్ట మీద నొక్కకండి, ఎవరినీ నొక్కనివ్వకండి.
• సొంత మందులు, నాటు మందులు ఇవ్వకండి.
• ఆసుపత్రికి రాకముందు ఊళ్లో 'నొప్పుల సూది' వేయించకండి. దాంతో గర్భసంచి చిట్లి తల్లీ బిడ్డా ఇద్దరి ప్రాణాలకూ ముప్పు రావచ్చు.
• నర్సు, డాక్టరు పనికి అడ్డు రాకండి. పక్క మంచాల దగ్గరికి వెళ్లకండి.
• ఫోనుతో ఫొటోలు, వీడియోలు తీయకండి. అక్కడ వేరే ఆడవాళ్లు కూడా ఉన్నారు.
• "మా కాలంలో ఇంత అరవలేదు" లాంటి మాటలు అనకండి.

వెంటనే నర్సును పిలవాల్సినవి

రక్తస్రావం ఎక్కువగా ఉండటం, తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, ఫిట్స్, జ్వరం, ఉమ్మనీరు పచ్చగా రావడం, బిడ్డ కదలిక తగ్గడం. కాన్పు అయ్యాక ప్యాడ్ త్వరత్వరగా తడిసిపోతున్నా, తల్లి నీరసించి మాట తడబడుతున్నా, బిడ్డ పాలు తాగకపోయినా ఆలస్యం చేయకండి. ఎన్నిసార్లు పిలిచినా తప్పు లేదు. నర్సుకు చాలామంది ఉంటారు, మీకు మీ బిడ్డ ఒక్కతే. తేడా వస్తే ముందు కనిపించేది మీకే.

సిజేరియన్ అయితే?

ఆపరేషన్ థియేటర్ లోపలికి సాధారణంగా తోడును పంపరు. బయట ఉండండి. తల్లిని వార్డుకు తెచ్చాక మళ్లీ మీ పని మొదలు. లేవలేని తల్లికి బిడ్డను పాలకు అందించేది మీరే.

లోపలికి రానివ్వకపోతే?

అన్ని ఆసుపత్రుల్లో చోటు, పరదాలు ఒకేలా ఉండవు. అందుకే నొప్పులు వచ్చాక కాకుండా ముందే అడగండి. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు జరిగే ఉచిత పరీక్షలకు వెళ్లినప్పుడు "తోడును రానిస్తారా, ఎవరిని తీసుకురావాలి?" అని ఏఎన్ఎంను లేదా డాక్టరును అడగండి. ఆ రోజు కాదంటే గొడవ పడకండి. స్టాఫ్ నర్సు ఇన్‌చార్జిని, తర్వాత డ్యూటీ డాక్టరును, సూపరింటెండెంట్‌ను నెమ్మదిగా అడగండి. అప్పటికీ కాకపోతే 104కు ఫోన్ చేసి చెప్పవచ్చు.

గుర్తుంచుకోండి: జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, ఇంటి నుంచి ఆసుపత్రికీ తిరిగి ఇంటికీ వాహనం అన్నీ ఉచితం. తోడు ఉన్నందుకు గానీ, బిడ్డను చూపించినందుకు గానీ ఎవరికీ డబ్బు ఇవ్వాల్సిన పని లేదు.

8వ నెలలోనే సిద్ధం చేసుకోండి

1. తోడు ఎవరో నిర్ణయించుకోండి. ఆమె రాలేకపోతే ఇంకొకరు ఎవరో కూడా అనుకోండి.
2. ఆమెను ఒక్కసారైనా చెకప్‌కు వెంట తీసుకెళ్లండి. లేబర్ రూం ఎక్కడుందో చూపించండి.
3. తల్లీబిడ్డల కార్డు, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం ఒకే సంచిలో పెట్టండి.
4. తోడుకు ఒక జత శుభ్రమైన బట్టలు, చెప్పులు, నీళ్ల సీసా ఉంచండి.
5. ఆశ కార్యకర్త నంబరు, 108, 102, 104 ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి.
6. కాన్పు తర్వాత కనీసం 48 గంటలు ఆసుపత్రిలోనే ఉండాలి. ఇంటి దగ్గర పనులు ఎవరు చూస్తారో ముందే మాట్లాడుకోండి.

ఈ పేజీలు మీరు చదివి ఊరుకోకండి. మీకు తోడుగా వచ్చే మనిషికి పంపండి. చదవడం రాకపోతే చదివి వినిపించండి. ఆ రోజు లోపల మీ పక్కన ఉండేది ఆమే.