తల తీసేస్తే తలనొప్పి పోతుందా?

నా గిటార్ చూసిన ప్రతి ఒక్కరూ మొదట అడిగేది ఒకటే: "బ్రో, ఇది విరిగిపోయిందా?" విరగలేదు, అది పుట్టడమే అలా పుట్టింది. దాన్ని హెడ్‌లెస్ గిటార్ అంటారు. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బులతో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కొన్న నాలుగు నెలలకే ఒక సీనియర్ అన్న ముందు తలదించుకోవాల్సి వచ్చింది. ఆ సంగతి చివర్లో చెప్తాను. అది అర్థం కావాలంటే ముందు కొంచెం క్లాస్ పీకాలి, ఓపిక పట్టండి. నాది మొదట్నించీ ఇంగ్లీష్ మీడియం, తెలుగులో తప్పులుంటే మన్నించండి.

అసలు తల ఎందుకు?

గిటార్‌లో తీగ మోగేది రెండు చోట్ల మధ్యే. ఒకటి బాడీ మీదుండే బ్రిడ్జ్, రెండోది మెడ చివరుండే నట్. నట్ దాటాక ఉన్న తల మోగడానికి కాదు, తీగలు బిగించడానికి. వీణకి బిరడాలు ఉన్నట్టే అక్కడ ఆరు ట్యూనర్లు ఉంటాయి. హెడ్‌లెస్‌లో ఈ బిగించే పనిని బ్రిడ్జ్ వైపుకి మార్చేశారు. నట్ దగ్గర తీగ కొసని చిన్న స్క్రూతో నొక్కి పట్టేస్తారు, అంతే. మోగే పొడవు తగ్గాల్సిన పనిలేదు. చాలా మామూలు గిటార్లలాగే 25.5 అంగుళాలు ఉండొచ్చు. కాబట్టి ఇది పిల్లల గిటార్ కాదు.

ఈ ఆలోచనని జనంలోకి తెచ్చింది నెడ్ స్టైన్‌బర్గర్ అనే అమెరికన్. ఆయన ఫర్నిచర్ డిజైనర్. 1970ల్లో బ్రూక్లిన్‌లో గిటార్లు చేసే స్టువర్ట్ స్పెక్టర్‌తో ఒకే వర్క్‌షాపులో ఉంటూ, అతనికోసం ఒక బేస్ గిటార్ డిజైన్ చేశాడు. బేస్‌కి మెడ పొడుగు, ట్యూనర్లు పెద్దవి, అందుకే తల కిందికి లాగేస్తుంది. దాంతో తలే తీసేసి, చెక్క బదులు కార్బన్ ఫైబర్ కలిపిన ఎపాక్సీతో ఎల్2 అనే బేస్ చేశాడు. 1980ల్లో స్టింగ్, గెడ్డీ లీ ఈ బేస్‌లు వాయించారు. అలాన్ హోల్డ్స్‌వర్త్ స్టైన్‌బర్గర్ గిటార్లు వాయించాడు. 1987లో ఆ కంపెనీని గిబ్సన్ కొనేసింది. తర్వాత ఫ్యాషన్ తగ్గింది. మళ్ళీ ఈమధ్య స్వీడన్‌కి చెందిన స్ట్రాండ్‌బర్గ్ గిటార్లు, ఇబనేజ్ క్యూ సిరీస్ వచ్చాక ఊపందుకుంది.

ఎందుకు నచ్చుతుంది?

మొదటిది బ్యాలెన్స్. ఫస్టియర్ ఫిజిక్స్‌లో టార్క్ చదివాం కదా, బరువు ఎంతో దూరం కూడా అంతే ముఖ్యం. మెడ చివర కొంచెం బరువున్నా ఎడమ చెయ్యి దాన్ని మోస్తూనే ఉండాలి. తల లేకపోతే ఆ చెయ్యి వాయించే పని మాత్రమే చూసుకుంటుంది. రెండు గంటల ప్రాక్టీస్ తర్వాత తేడా భుజానికి తెలుస్తుంది.

రెండోది శ్రుతి. మామూలు గిటార్‌లో తీగ నట్ గాడిలోంచి జారుతూ తల మీది ట్యూనర్‌కి వెళ్తుంది. చాలా గిటార్లలో అక్కడ కొంచెం పక్కకి వంగుతుంది కూడా. బెండ్ చేసినప్పుడు ఆ గాడిలో ఇరుక్కుంటే శ్రుతి తప్పుతుంది. హెడ్‌లెస్‌లో కొస లాక్ అయిపోయింది కాబట్టి ఆ జారుడు ఉండదు.

మూడోది ప్రయాణం. పొడవు చాలా తగ్గుతుంది. పండక్కి ఊరెళ్ళేటప్పుడు బస్సులో ఒళ్ళో పెట్టుకున్నా పక్కవాళ్ళ ముఖానికి తగలదు. పైగా కింద పడితే తల విరుగుతుందన్న భయం లేదు.

మరి ఇబ్బందులు?

ఇవి కొన్నాక తెలిశాయి. తల మీద పెట్టే క్లిప్ ట్యూనర్ తగిలించడానికి చోటు లేదు. గోడకి గిటార్ వేలాడదీసే మామూలు స్టాండు పనికిరాదు. కొన్ని మోడల్స్‌కి రెండు కొసలా గుండు ఉన్న ప్రత్యేకమైన స్ట్రింగ్స్ కావాలి, అవి ప్రతి షాపులో దొరకవు. నాదానికి మామూలు స్ట్రింగ్స్ పడతాయి, కానీ అలెన్ కీ లేనిదే కొస బిగించలేను. బ్రిడ్జ్ పాడైతే వేరే కంపెనీది తెచ్చి పెట్టడం కుదరకపోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటుంది. మామూలు ట్యూనర్‌కి తీగ ఎన్ని చుట్లయినా చుట్టొచ్చు. హెడ్‌లెస్ ట్యూనర్ కొద్ది దూరమే కదులుతుంది. తీగని ముందే చేత్తో గట్టిగా లాగి లాక్ చెయ్యాలి. వదులుగా లాక్ చేస్తే, నాబ్ చివరిదాకా తిప్పినా శ్రుతి అందదు.

ఆ రోజు ఏమైందంటే

ఫెస్ట్‌లో మా ప్రోగ్రాంకి ఇరవై నిమిషాల ముందు సన్నతీగ, అంటే మొదటి స్ట్రింగ్, తెగింది. పాడేది ఫైనలియర్ అన్న, కాలేజీలో ఆయనకి అదే ఆఖరి స్టేజి. పక్క బ్యాండ్ వాళ్ళు స్ట్రింగ్ ఇచ్చారు. అలెన్ కీ మాత్రం నా హాస్టల్ రూంలో ఉంది. మెకానికల్ ఫ్రెండ్ ఒకడు సైకిల్ టూల్ కిట్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. కంగారులో వదులుగా లాక్ చేసేశాను. నాబ్ ఆగిపోయింది, స్ట్రింగ్ ఇంకా రబ్బరు బ్యాండులా ఊగుతోంది. మళ్ళీ విప్పేలోపు మా పేరు పిలిచేశారు.

"ఏంట్రా, పడలేదా?"

"లేదన్నా."

"సరే, రా."

ఐదు తీగలతో ఎక్కాను. నా సోలో మొత్తం పై తీగ మీదే ఉంది. రెండో తీగ మీద పై ఫ్రెట్లలో అవే స్వరాలు దొరుకుతాయి, అది నాకు తెలుసు. కానీ ఎప్పుడూ అలా సాధన చెయ్యలేదు, చేతులు ఆడలేదు. అన్న అది గమనించి సోలో చోట చరణం మళ్ళీ ఎత్తుకున్నాడు. కిందికి దిగాక ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

తప్పు గిటార్‌ది కాదు. తల తీసేసినంత మాత్రాన తల చేసే పని పోదు. మన కోడ్‌లో ఒక ఫంక్షన్ డిలీట్ చేస్తే ఆ పని ఇంకెక్కడో రాయాల్సిందే కదా, ఇదీ అంతే. ఇక్కడ బరువు మెడ మీంచి దిగి, నా జాగ్రత్త మీద కూర్చుంది. అది నేను చూసుకోలేదు.

కొనాలనుకునే జూనియర్స్‌కి నా మాట. వీలైతే నిలబడి పది నిమిషాలు వాయించి చూడండి. ఏ స్ట్రింగ్స్ పడతాయో, అవి మీ ఊళ్ళో దొరుకుతాయో కనుక్కోండి. షాపులోనే ఒక స్ట్రింగ్ మీ చేత్తో మార్చి చూడండి. చిన్న గాయాలుంటే పర్లేదు, ట్యూనర్ నాబ్‌లు ఆరూ నునుపుగా తిరుగుతున్నాయో లేదో చూడండి. మీకు మొదటి గిటార్ ఇదే అయితే మాత్రం మామూలుదే కొనుక్కోండి, ఎవరి దగ్గరైనా సాయం దొరుకుతుంది.

నేను మాత్రం నాది అమ్మలేదు. అలెన్ కీ ఇప్పుడు నా రూం తాళం గుత్తికే ఉంటుంది. ఆ సోలోని రెండో తీగ మీద కూడా నేర్చుకున్నాను. అన్న ఈసారి కాలేజీకి వచ్చినప్పుడు వినిపించాలి.